బొమ్మలు గోడ దిగాక వచ్చే వార్త

సంపాదకులకు నమస్కారం.

నాది రాజమండ్రిలో పటాలు కట్టే షాపు. మా నాన్నగారు పెట్టింది. ఆయన తర్వాత 27 ఏళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు, సన్మాన పత్రాలు, రోజూ ఉండే పని ఇదే. ఇది కాక ఏడాదికి నాలుగైదుసార్లు ఇంకో రకం పని వస్తుంది. మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా సొంతంగా బొమ్మలేసుకునే పిల్లలు ఏదో చిన్న హాలు అద్దెకి తీసుకుని, రెండు మూడు రోజులు ప్రదర్శన పెట్టుకుంటారు. వాళ్ళ బొమ్మలకి ఫ్రేములు కట్టేది నేనే, చాలాసార్లు వెళ్ళి తగిలించి వచ్చేదీ నేనే. ఆ ప్రదర్శనల గురించే ఈ ఉత్తరం.

అడగాల్సింది ముందే అడుగుతున్నాను. ఈ చిన్న ప్రదర్శనల వార్త మీ జిల్లా పేజీల్లో వస్తోంది, సంతోషం. కానీ అది చదివి మేం బయల్దేరేసరికి ప్రదర్శన అయిపోతోంది. దయచేసి ఆ వార్త ముందు వేయండి.

ఈమధ్య ఒక అమ్మాయి ప్రదర్శన జరిగింది. పిల్లల పుస్తకాలకీ, కథలకీ బొమ్మలు వేస్తుంది. ఉద్యోగమంటూ లేదు, పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల ఉండదు. ఏడాదిన్నర పాటు ఊళ్ళు తిరిగి, గోదావరి జిల్లాల్లో చేతులతో పని చేసుకునే వాళ్ళని 24 నీటిరంగుల బొమ్మలుగా వేసింది. ఉప్పాడలో మగ్గం, కడియం నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే ఆడవాళ్ళు, ధవళేశ్వరం దగ్గర వలలు బాగుచేసుకునేవాళ్ళు, ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆవిడ. ఆ బొమ్మలన్నీ ఒక సంచిలో పెట్టుకుని స్కూటీ మీద నా షాపుకి వచ్చింది.

ఒక బొమ్మ గోడ ఎక్కడం వెనకాల ఏముంటుందో బయటివాళ్ళకి తెలిసే అవకాశం లేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆ అమ్మాయి కాగితం 12 అంగుళాలు, 18 అంగుళాలు. చుట్టూ 2 అంగుళాల మౌంటు, అంటే బొమ్మ చుట్టూ కనబడే అట్ట పెడితే 16, 22 అవుతుంది. చుట్టుకొలత 6 అడుగుల 4 అంగుళాలు. మూలలు ఏటవాలుగా కోసేటప్పుడు పోయేది కలుపుకుంటే దగ్గర దగ్గర 7 అడుగులు. ఫ్రేముకి కోసే బీడింగు కర్ర సుమారు 10 అడుగులు ఉంటుంది. అంటే కర్రకి ఒక పటం, ఒక 3 అడుగుల ముక్క మిగులు. ఆ ముక్కలు నేను మూలకి వేస్తుంటే చూసి, కొలత అడిగి వెళ్ళింది. పది రోజుల తర్వాత 6 అంగుళాలు, 8 అంగుళాల చిన్న బొమ్మలు పన్నెండు వేసుకొచ్చింది. "ఆ ముక్కలకి సరిపోయేలా వేశాను బాబాయ్ గారూ, వృథా పోకూడదు కదా" అంది. వాటిలో నాలుగు వట్టి చేతుల బొమ్మలు. మల్లెపూలు కట్టే వేళ్ళు, సూదిలో దారం ఎక్కించే వేళ్ళు. ఆ సూది బెజ్జం దగ్గర కాగితం తెల్లగానే వదిలేసింది, రంగు పెట్టలేదు. అంత చిన్న చోటు చుట్టూ రంగు ఎలా ఆపిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నీటిరంగు బొమ్మకి గాజు తగలకూడదు. మౌంటు అందం కోసం మాత్రమే అనుకుంటారు గానీ, అసలు పని బొమ్మకీ గాజుకీ మధ్య ఖాళీ ఉంచడం. మా ఊరి వానాకాలం తేమకి గాజుని ఆనుకున్న కాగితం దానికే అతుక్కుపోతుంది, బూజు పడుతుంది. పాత పెళ్ళి ఫొటోలు అలా అతుక్కుపోయి మా దగ్గరికి వస్తుంటాయి. లాగితే పెళ్ళికూతురు మొహం గాజుతో పాటే వచ్చేస్తుంది. మౌంటు అట్ట కూడా మామూలుది వేస్తే కొన్నేళ్ళకి బొమ్మ అంచు పచ్చబడుతుంది. యాసిడ్ లేని అట్ట ఉంటుంది, ఖరీదెక్కువ. ఆ అమ్మాయి అదే వెయ్యమంది. ముందు కొంత ఇచ్చి, మిగతాది నెలనెలా కడతానంది. కడుతోంది కూడా.

ఫ్రేములకి 21,600 రూపాయలు అయింది. హాలుకి మూడు రోజులకి 9,000. గోడకి మేకు కొట్టనివ్వరు కాబట్టి షామియానా వాళ్ళ దగ్గర ఇనప స్టాండ్లు తెచ్చి, తెల్లగుడ్డ కట్టి, నైలాన్ దారాలతో పటాలు వేలాడదీశాం. ఫ్యాను వేస్తే ఊగుతాయి, అందుకని ఫ్యాన్లు ఆపేశాం. అద్దెలు, కార్డులు, టీలు అన్నీ కలిపి 35 వేలు దాటింది. ఎవరూ ఇచ్చిన డబ్బు కాదు, పుస్తకాలకి బొమ్మలేసి సంపాదించుకున్నది.

శుక్రవారం సాయంత్రం ప్రారంభం. ముఖ్య అతిథి వచ్చారు, దీపం వెలిగించారు, శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. ఇరవై నిమిషాల్లో ఖాళీ అయిపోయింది. శనివారం పొద్దున్నించి మధ్యాహ్నం మూడింటి దాకా వచ్చినవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురిలో ముగ్గురు ఆ అమ్మాయి చుట్టాలు.

ఆ శనివారమే నా షాపుకి ఒక పెద్దావిడ వచ్చారు. ఆత్రేయపురం వాళ్ళు, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. వాళ్ళాయన సంవత్సరీకం దగ్గర పడుతోందని ఫొటో కట్టించడానికి వచ్చారు. గంట పడుతుందన్నాను. "ఈలోపు పక్క వీధిలో బొమ్మలు పెట్టారు పిన్నిగారూ, మీ ఊరి బొమ్మ కూడా ఉంది, చూసి రండి, డబ్బులేం తీసుకోరు" అని చెప్పి, మా కుర్రాణ్ణి తోడిచ్చి పంపించాను. గంట దాటినా ఆవిడ రాలేదు. ఫొటో కట్టడం అయిపోయింది, తీసుకుని నేనే వెళ్ళాను.

ఆవిడ పూతరేకుల బొమ్మ ముందు నిలబడి ఉన్నారు. బోర్లించిన కుండ, దాని కింద మంట, పిండినీళ్ళలో ముంచిన గుడ్డ పట్టుకున్న ఆవిడ. బొమ్మలో ఆవిడ గుడ్డని ఒక చేత్తో పట్టుకుని కుండ మీద వేస్తున్నట్టు ఉంది. "ఒక చేత్తో ఎలా తల్లీ, రెండు చేతుల్తో అంచులు పట్టి పరిచి లాగాలి, లేకపోతే రేకు ఒక పక్క మందంగా వస్తుంది" అంటున్నారు. అంటూ తన పైట కొంగు రెండు అంచులు పట్టుకుని, గాల్లో కుండ మీద వేసినట్టు వేసి, ఇటు లాగి చూపించారు. ఆ అమ్మాయి ఫోన్ తియ్యలేదు. పెన్సిలు తీసి, ప్రదర్శన కార్డు వెనకాలే ఆ చేతులు గీసుకుంది. "ఇంకోసారి చూపించండి అమ్మమ్మగారూ" అంది. ఆవిడ మూడుసార్లు చూపించారు. తర్వాత మిగతా బొమ్మలన్నీ ఒక్కొక్కటీ చూశారు, ప్రతి దాని దగ్గరా ఏదో ఒకటి చెప్పారు. ఇంటికి వెళ్ళి సాయంత్రం కోడల్నీ, పక్కింటి ఇద్దర్నీ వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు.

పదిహేను రోజుల తర్వాత ఆ అమ్మాయి పూతరేకుల బొమ్మ కొత్తగా వేసి తెచ్చింది. రెండు చేతులు, బిగుతుగా లాగిన గుడ్డ, గుడ్డ కింద నుంచి లేస్తున్న ఆవిరి. కాగితం కొలత అదే కాబట్టి పాత ఫ్రేము విప్పి, ఆ మౌంటులోనే ఇది పెట్టి ఇచ్చాను. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిది బాగుంది. రెండోది నిజం.

ఆవిడ నా షాపుకి రావడం వల్ల మాత్రమే అక్కడికి వెళ్ళారు. ఊళ్ళో ఇంకెంతమందికి ఆ బొమ్మల్లో తమ పని, తమ వీధి కనబడేదో. వాళ్ళకి తెలిసే దారే లేకపోయింది.

వార్త ఆదివారం ఉదయం వచ్చింది. ఫొటోలో ముఖ్య అతిథితో పాటు ఆరుగురు, వాళ్ళ వెనక ఒక ఫ్రేము మూల మాత్రం. బొమ్మ ఒక్కటీ కనబడదు. హాలు పేరు ఉంది. ఎన్ని గంటలకి తెరుస్తారో, ఎప్పటిదాకా ఉంటుందో లేదు. అప్పటికి మిగిలింది ఆ ఒక్క రోజే, అదీ రాత్రి ఎనిమిదింటి దాకానే. సోమవారం సాయంత్రం పేపరు చూసి నలుగురు ఆ హాలుకి వెళ్ళారట. అక్కడ ఎవరిదో పుట్టినరోజు జరుగుతోంది. వాళ్ళలో ఒక రిటైర్డ్ మాస్టారు ఇద్దరు మనవల్ని తీసుకుని, అడుగుతూ అడుగుతూ నా షాపుకి వచ్చారు. చేతిలో మీ పేపరు కటింగు ఉంది. పటాలు నా దగ్గరే గోడకి చేరేసి ఉన్నాయి. ఒక్కొక్కటీ బయటికి తీసి పిల్లలకి చూపించాను. వాళ్ళు కింద కూర్చుని, ముక్కు గాజుకి ఆనించి చూశారు. సూదిలో దారం బొమ్మ చిన్నపిల్ల ఎంతకీ వదల్లేదు. మాస్టారు అది కొన్నారు. కొనకపోయినా నాకు అంతే సంతోషంగా ఉండేది, అలా చూసినందుకు.

విలేకరులు తిరిగే తిరుగుడు నాకు తెలుసు. తప్పు మీ ఒక్కరిదే అనను. ఈ పిల్లలు టెన్షన్‌లో పడి కార్డు చివరి రోజు దాకా అచ్చు వేయించరు, ముందురోజు రాత్రి తెచ్చి ఇస్తారు. అది వాళ్ళు మార్చుకోవాలి, నేను చెబుతున్నాను కూడా. కానీ ప్రారంభం అయితేనే వార్త, అతిథి ఉంటేనే ఫొటో అన్న పద్ధతి ఉన్నంతకాలం కార్డు ఎప్పుడిచ్చినా ఒకటే.

ఒకసారి కాకినాడ ఆర్టిస్టు ఒకాయన పటాలు మోసుకుంటూ నేను బెంగళూరు చిత్రసంతెకి వెళ్ళాను. కర్ణాటక చిత్రకళా పరిషత్తు వాళ్ళు చాలా ఏళ్ళుగా నడుపుతున్నారు. జనవరిలో ఒక ఆదివారం, కుమారకృపా రోడ్డు మూసేసి, దారికి రెండు పక్కలా ఆర్టిస్టులే కూర్చుంటారు. మేం రైలు దిగి మూటలతో నిలబడితే ఆటో అతనే "చిత్రసంతెకా?" అని అడిగాడు. ఊరంతటికీ ముందే తెలుసు. మా ఊళ్ళో అంత పెద్దది రేపే రావాలని నేను అడగట్లేదు. హాలు పక్క వీధిలో ఉన్నవాళ్ళకి తెలిస్తే చాలు.

నిజానికి బొమ్మలు చూడ్డం మా ఊరికి కొత్తేం కాదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఒక కుర్రాడి బొమ్మలు చూసి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరే దారి చూపించారు. ఆ కుర్రాడే చిత్రకారుడు దామెర్ల రామారావుగారు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన పోయాక వరదా వెంకటరత్నంగారు, మిగతా స్నేహితులు, శిష్యులు ఆ పని చెదిరిపోనివ్వలేదు. ఆయన పేరుతో ఉన్న గ్యాలరీలో ఆయన బొమ్మలతో పాటు భార్య సత్యవాణిగారివీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారివీ ఇవాళ్టికీ చూడొచ్చు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ రోజు కూల్డ్రేగారు బొమ్మ ముందు ఆగకుండా వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో అని.

మా నాన్నగారి రోజుల్లో జనం పత్రికల అట్టల మీది బొమ్మలు కత్తిరించి తెచ్చి పటం కట్టించుకునేవారు. వడ్డాది పాపయ్యగారి 'వపా' సంతకం ఉన్నవి ఎక్కువగా వచ్చేవి. పత్రికే అప్పట్లో ఇంటింటికీ గ్యాలరీ. 'యువ'లో, 'చందమామ'లో ఆయన బొమ్మ చూడ్డానికి ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. ఆ పత్రికలు పోయాయి. ఇప్పటి పిల్లలకి ఉన్నవి రెండే, చేతిలో ఫోను, అద్దె హాలు. ఫోనులో బొమ్మని వేలితో తోసేస్తాం. కాగితం గరుకు, రంగు ఎక్కడ ఆరి అంచు కట్టిందో, ఎక్కడ నీళ్ళు ఎక్కువై పారిందో, అవి ఎదురుగా నిలబడితేనే కనబడతాయి. పైగా వేసిన మనిషి అక్కడే ఉంటారు, అడగొచ్చు.

కాబట్టి నేను కోరేది చిన్నది. వారానికి ఒకరోజు జిల్లా పేజీలో ఒక మూల, ఆ వారం ఎక్కడ ఎవరి బొమ్మలు ఉన్నాయో రెండేసి లైన్లు వేయండి. వేసినవాళ్ళ పేరు, హాలు, వేళలు, ఆఖరి తేదీ. చోటు ఉంటే ఒక బొమ్మ, దాని కింద బొమ్మ పేరు. ప్రారంభోత్సవం ఫొటో తర్వాత వేసినా వెయ్యకపోయినా ఎవరికీ నష్టం లేదు. విశాఖలో, విజయవాడలో, హైదరాబాదులో మీకు ఎడిషన్లు ఉన్నాయి, అక్కడా ఇలా చిన్న హాళ్ళలో పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ పనికొస్తుంది.

ప్రస్తుతం నా షాపులో ఇంకో కుర్రాడి బొమ్మలు 16 ఉన్నాయి. పగలు మొబైల్ షాపులో పని చేస్తాడు, రాత్రిళ్ళు రంగులు వేస్తాడు. గోదావరి రైలు వంతెనలు వేశాడు, అన్నీ తెల్లవారుజామువే. తొమ్మిది బొమ్మలకి ఫ్రేములు అయ్యాయి, ఇంకో ఏడు కట్టాలి. కార్డు ఈసారి పదిహేను రోజుల ముందే అచ్చు వేయించమని చెప్పాను, సరే అన్నాడు. అచ్చయిన రోజే నేను మీ స్థానిక ఆఫీసుకి తెచ్చి ఇస్తాను. తేదీలు, వేళలు దాని మీదే ఉంటాయి.

ఇట్లు,
పటాల షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
రాజమండ్రి