ఆదివారం కోరింగ వెళ్దాం

గ్రూపులో అందరికీ నమస్కారమండి. కడియం నర్సరీలకు చాలాసార్లు వెళ్లాం, పూల కుండీలు తెచ్చుకున్నాం. ఈసారి మన నేల తనంతట తానే పెంచుకున్న మొక్కల్ని చూద్దాం. ఆదివారం కోరింగ మడ అడవికి ప్రయాణం.

గోదావరి సముద్రంలో కలిసే చోట పెరిగిన అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెక్కల వంతెన మీద నెమ్మదిగా నడవండి. బురదలోంచి పెన్సిళ్లలా పొడుచుకొచ్చినవి మొలకలు కావు, మడచెట్టు ఊపిరి తీసుకునే వేర్లు. బురదలో గాలి ఆడదు కదా, అందుకని వేర్లనే పైకి పంపుతుంది. తెల్లమడ ఆకును వేలితో రాసి నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. పీల్చుకున్న ఉప్పును ఆకుల్లోంచే బయటికి తోసేస్తుంది. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టం అదే, పిల్లలకు తప్పక చూపించండి.

తిల్ల చెట్టు కొమ్మ మాత్రం ఎవరూ విరవద్దు. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

1996 తుపాను పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి గాలికీ కెరటాలకూ మన ఊళ్ల ముందు అడ్డంగా నిలబడేవి ఈ చెట్లే.

ఉదయం 8 గంటలకు కాకినాడ బస్టాండులో కలుద్దాం, అక్కడి నుంచి యానాం రోడ్డు. పడవ సముద్రపు పోటు, పాటును బట్టి నడుస్తుంది, ఆలస్యం చేయకండి. పులిహోర స్టీలు డబ్బాల్లో తెచ్చుకోండి, ప్లాస్టిక్ సంచులు వద్దు. వచ్చేవాళ్లు శుక్రవారంలోపు ఇక్కడే పేరు పెట్టండి.