ఉగాది స్పెషల్ ఈజిప్ట్ టూర్: రంజాన్ సంగతి చెప్పకుండా పంపడంపై ఫిర్యాదు

విజయవాడ,
12 ఏప్రిల్ 2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మార్చి నెలాఖరు కైరో గ్రూప్ టూర్‌లో జరగని కార్యక్రమాలకు డబ్బు వాపసు.

అయ్యా,

మీరు 'ఉగాది స్పెషల్' పేరుతో అమ్మిన ఈజిప్ట్ టూర్‌కి మా అమ్మ, నా భార్య, పిల్లలతో కలిసి వెళ్ళొచ్చాను. తిరిగొచ్చాక ఫోన్‌లో ఫిర్యాదు చేస్తే మీ సిబ్బంది, "పండగలు మా చేతిలో లేవు సార్, కండిషన్లలో రాశాం కదా" అన్నారు. ఆ మాట ఒప్పుకోలేకే ఈ లేఖ రాస్తున్నాను.

తుఫాను వచ్చి విమానం రద్దయితే అది మీ చేతిలో లేదని నేనూ ఒప్పుకుంటాను. రంజాన్ అలాంటిది కాదు. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని అందరికీ తెలిసిందే. ఈ ఏడాది ఈజిప్ట్‌లో ఉపవాసాలు మార్చి 1న మొదలయ్యాయి. నెలవంకను బట్టి పండగ ఒక్క రోజు అటూ ఇటూ అవుతుంది, అంతే. సౌదీలో 30న చేసుకుంటే ఈజిప్ట్‌లో 31న చేసుకున్నారు. అసలు మీరు ఆ తేదీలు పెట్టిందే ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్, సెలవులు కలిసొస్తాయని. మీ ప్రకటనలో ఆ మాట పెద్ద అక్షరాలతో ఉంది. ఇక్కడి రంజాన్ సెలవు చూసి సీట్లు అమ్మినవాళ్ళకి, మేం వెళ్ళే దేశంలోనూ అదే పండగని తెలియదంటే ఎలా నమ్మాలి?

ఉగాది రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక తహ్రీర్ స్క్వేర్‌లోని ఈజిప్షియన్ మ్యూజియం అని మీ ప్రోగ్రాంలో ఉంది. రంజాన్ నెలలో అక్కడ వేళలు కుదిస్తారు. మేం వెళ్ళేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. టుటన్‌ఖామున్ బంగారు ముసుగు బొమ్మ స్కూల్ ప్రాజెక్టులో అంటించుకుని, అసలుది చూస్తానని అందరికీ చెప్పుకొచ్చిన మా పాప గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. మీ లిస్టులో మాత్రం ఆ మ్యూజియం 'చూపించాం' అని టిక్కు పెట్టి ఉంది.

అంతకుముందు భోజనం సంగతి ఇంకా ఘోరం. పగటిపూట అక్కడి మామూలు హోటళ్ళు చాలావరకు మూసే ఉంటాయి. మీరు ముందుగా ఎక్కడా మాట్లాడి పెట్టలేదు. మా అమ్మకి షుగర్. బస్సులో ఆవిడ చేతులు వణుకుతుంటే బ్యాగుల్లో బిస్కెట్లు వెతుక్కున్నాం. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఆ ఊరివాళ్ళ మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. గైడూ డ్రైవరూ మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎండలో మమ్మల్ని తిప్పారు. సాయంత్రం ఇఫ్తార్ వేళకి రోడ్డు మీద కుర్రాళ్ళు బస్సు ఆపి, కిటికీలోంచి మా అందరి చేతుల్లో ఖర్జూరాలు, నీళ్ళ సీసాలు పెట్టారు. మేం ఎవరో, ఏ మతమో అడగలేదు.

ఇఫ్తార్ తర్వాతే కైరో మేలుకుంటుందని గైడ్ చెప్పాడు. అల్-ముయిజ్ వీధిలో ఫానూస్ లాంతర్ల వెలుగులో అర్ధరాత్రి దాటినా జనం తిరుగుతూనే ఉంటారట. మీ ప్రోగ్రాంలో రాత్రి 8 గంటలకల్లా హోటల్ రూమ్. అంటే మూసిన పగలు మాకిచ్చి, తెరిచిన రాత్రి లేకుండా చేశారు. ముందే చెప్పి ఉంటే, పగలు విశ్రాంతి తీసుకుని రాత్రి తిరిగేలా మార్చుకుని ఉంటే, ఇదే టూర్ మా జీవితంలో గొప్ప ప్రయాణం అయ్యేది. నాకు ఎక్కువ బాధ అదే.

పండగ రోజు పొద్దున ఖాన్ ఎల్-ఖలీలీ బజారుకి షాపింగ్ అని తీసుకెళ్ళారు. వరసగా షట్టర్లు దించి ఉన్నాయి. బ్యాంకులూ సెలవే. మధ్యాహ్నం గీజాలో కొత్త బట్టలు వేసుకున్న పిల్లలతో కుటుంబాలకు కుటుంబాలే పిరమిడ్లకి తరలివచ్చాయి. మా బస్సు ఆ ట్రాఫిక్‌లోనే ఉండిపోయింది.

మ్యూజియానికీ, బజారు రోజుకీ మా దగ్గర తీసుకున్న సొమ్ము వెనక్కి ఇవ్వండి. అలాగే ప్రతి టూర్ ప్రకటనలోనూ ఆ దేశపు సెలవులు తెలుగులో రాయండి. ఈ రెండోది మాకోసం కాదు. ఏప్రిల్ 21న ఈజిప్ట్‌లో షమ్ అల్-నసీమ్, అక్కడి వసంత పండగ. ఆ రోజు పార్కులు, నైలు ఒడ్డు కిటకిటలాడతాయి. 25న సినాయ్ విమోచన దినం సెలవు. జూన్ 6 ప్రాంతంలో బక్రీద్, దానికి వరసగా సెలవులు. మీ వెబ్‌సైట్‌లో జూన్ మొదటి వారం బ్యాచ్‌కి బుకింగ్ ఇంకా నడుస్తోంది, బక్రీద్ మాట ఎక్కడా లేదు. డబ్బు కట్టినవాళ్ళకి ఈ వారంలోనే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ళలోనూ షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఉంటారు.

బుకింగ్ రసీదు, మీ ప్రోగ్రాం కాపీ, మూసిన గేటు ఫోటోలు జత చేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ టూర్‌లో వచ్చిన ప్రయాణికుడు