డాలియాలు కోసిచ్చిన పక్కింటి అవ్వకు

సద్దుల బతుకమ్మ రోజు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా ఇంట్లో పది మందిమి చేరాం. తంగేడు, గునుగు ఇక్కడెలాగూ దొరకవు. ముందే చెప్పి పెట్టిన బంతిపూలు కూడా సగం కుళ్లి వచ్చాయి. ఖాళీ తాంబాలంతో పెరట్లో టెన్షన్‌గా నిలబడ్డాను. కంచె అవతలి నుంచి పక్కింటి అవ్వ ఏమైందని అడిగింది. పూలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ ఆడతామని చెప్పాను. మారుమాట లేకుండా కత్తెర తెచ్చి, ఏడాదంతా సాకిన డాలియాలు కోయడం మొదలుపెట్టింది. ఎర్రవి, పసుపువి, అరచేయంత ఊదావి. నాలుగు చాలంటే, "మంచు పడితే ఎలాగూ నల్లబడతాయి" అని చెట్లన్నీ ఖాళీ చేసింది. సాయంత్రం మాతో రెండు చుట్లు తిరిగింది కూడా (చప్పట్లు ఒక్కటీ కలవలేదు). మలీద ముద్ద రెండోసారి అడిగి మరీ తింది. అవ్వా, బోసిపోయిన మీ పూలమడి కనబడినప్పుడల్లా నీకు దండం పెట్టుకుంటున్నాను.