అరకు సీజన్‌కి టైర్లు: ఈసారి కొన్ని పనులు వద్దంటున్నాం

మన కస్టమర్లందరికీ నమస్కారం.

సిరిమాను పండగ దాటిందంటే విజయనగరం కుర్రాళ్ళకి అరకు సీజన్ మొదలైనట్టే. కార్తీకంలో పిక్నిక్‌లు, ఆ తర్వాత మంచు చూడ్డానికి తెల్లవారుజాము రైడ్లు, సంక్రాంతి దాకా ఇదే వరస. కొట్టుకొచ్చి అడిగేది కూడా ఒక్కటే: "అన్నా, ఎస్.కోట దాటాక ఘాట్‌లో బాగా పడుకోబెట్టి తిప్పాలి, ఏ టైరు వెయ్యమంటావు?" ఒక్కొక్కరికీ కౌంటర్ దగ్గర చెప్పడం కుదరట్లేదు. పైగా ఈ ఏడాది కొన్ని పనులు చెయ్యకూడదని అనుకున్నాం. ముందే చెప్పేస్తే మీకు ఒక తిరుగుడు, నాకు ఒక గొడవ తప్పుతాయి.

మొదటిది, ఎక్కువమందికి కోపం తెప్పించేది. కంపెనీ ఇచ్చిన సైజు కంటే లావు టైరు ఇక బిగించం. వెడల్పు 100 మిల్లీమీటర్లు ఉన్నచోట 120, 130 ఉన్నచోట 150 వెయ్యమని ప్రతివారం ఎవరో ఒకరు వస్తారు. వెనకనుంచి చూస్తే బండి నిండుగా కనిపిస్తుంది, కాదనను. కానీ టైరు గుండ్రం అనేది రిమ్ వెడల్పుని బట్టి వస్తుంది. 140/70-17 టైరుకి, అంటే 140 వెడల్పుతో 17 అంగుళాల చక్రానికి వేసేదానికి, 3.5 నుంచి 4.5 అంగుళాల వెడల్పున్న రిమ్ ఉండాలి. మీ రిమ్ ఎంతో దాని మీదే పోతపోసి ఉంటుంది, చూసుకోండి. సన్నటి రిమ్ మీద లావు టైరు ఎక్కిస్తే రెండు పక్కలూ లోపలికి నొక్కుకుపోయి మధ్యభాగం కోసుగా లేస్తుంది. అలాంటి టైరు వాల్చినప్పుడు అంచు దగ్గర ఎలా పట్టుకుంటుందో దాన్ని తయారుచేసినవాళ్ళు కూడా చెప్పలేరు, వాళ్ళు ఆ రిమ్ మీద పరీక్షించలేదు కాబట్టి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. టైరు ఎంత లావైతే, బండి వాలినప్పుడు నేలని తాకే చోటు మధ్య నుంచి అంత పక్కకి జరుగుతుంది. అదే మలుపు, అదే వేగం, అయినా బండిని ఇంకాస్త ఎక్కువ వాల్చాల్సి వస్తుంది. మలుపుల కోసమే లావు టైరు అడిగేవాళ్ళకి ఇది తిరగబడ్డ బేరం.

రెండోది ముందు టైరు. వెనకది నున్నగా అయ్యాక వస్తారు. ముందుది కూడా మార్చమంటే "అదింకా బాగానే ఉంది కదన్నా" అంటారు. టైరు మీది గాళ్ళు లోతుగా ఉంటాయి, నిజమే. ముందు టైరు నెమ్మదిగా అరుగుతుంది. అందుకే దాని వయసు ఎవరూ చూడరు, ఈలోగా రబ్బరు గట్టిపడిపోతుంది. అనంతగిరి నుంచి బొడ్డవర వైపు దిగుతున్నప్పుడు బ్రేకు పట్టుకుంటే బరువు ముందుకి పడుతుంది, బ్రేకునీ మలుపునీ కూడా ఎక్కువ భాగం ఆ ఒక్క టైరే మొయ్యాలి. టైరు పట్టు నెల జీతం లాంటిది, బ్రేకుకి ఖర్చు పెట్టినంత మేర మలుపుకి మిగలదు. వెనక చక్రం కాస్త జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. వాలి ఉన్నప్పుడు ముందు చక్రం జారితే సర్దుకునే టైమే ఉండదు. కాబట్టి వెనక కొత్త సాఫ్ట్ టైరు, ముందు రాయిలా గట్టిపడిన పాత టైరు, ఈ జతతో ఘాట్‌కి వెళ్తానంటే నేను ఆ వెనక టైరు అమ్మను. రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు చక్రంతో మొదలుపెట్టండి. వెనకది ఇంకొన్నాళ్ళు ఊళ్ళో తిరగడానికి పనికొస్తుందో లేదో చూసి చెప్తాను.

వయసు చూడడం కష్టమేమీ కాదు. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఇది చూడండి. నా దగ్గర కొన్నా సరే, చూడండి. రెండు వైపులా అంకెలు ఉండకపోవచ్చు, ఒక పక్క కనపడకపోతే తిప్పి చూడాలి.

ఇక రబ్బరు సంగతి, డబ్బు సంగతి. మా దగ్గర ఎక్కువ పోయేది గట్టి రబ్బరు టైరే. రోజూ తగరపువలస, భోగాపురం వైపు డ్యూటీకి వెళ్ళొచ్చేవాళ్ళకి నేనే అది చెప్తాను. సాఫ్ట్ టైరు చల్లటి రోడ్డు మీద, తడి మీద బాగా పట్టుకుంటుంది. సిలికా కలిపిన రబ్బరైతే తడిలో ఇంకా నయం. కానీ అది గట్టి టైరంత కాలం రాదు, చాలా ముందే అరిగిపోతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు అరకు వెళ్ళి, మిగతా రోజులన్నీ హైవే మీద తిన్నగా తిరిగేవాళ్ళు సాఫ్ట్ టైరు వేయించుకుంటే ఏమవుతుందో చెప్తాను. మధ్యలో చదునుగా అరుగుతుంది, అంచులు కొత్తగానే ఉంటాయి. ఆ చదును టైరుతో ఘాట్‌లో మరీ చికాకు. వాల్చబోతే ఒకచోట దాకా మొరాయిస్తుంది, ఆ గట్టు దాటగానే బండి దబ్బున లోపలికి పడిపోతున్నట్టుంటుంది. గాళ్ళు మిగిలున్నాయి కదా అని అలాంటి టైరుని నమ్ముకోకండి. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్త రబ్బరు ఉండే డ్యూయల్ కాంపౌండ్ టైర్లు ఇలాంటివాళ్ళ కోసమే. ధర కాస్త ఎక్కువ, అన్ని సైజుల్లో దొరకవు.

పిరెల్లీ, మెట్జెలర్ జత అమ్మితే నాకు ఒకేసారి మిగిలేది ఎక్కువ, దాచేదేముంది. అయినా 150, 160 సీసీ బండికి అంత అక్కర్లేదనే చెప్తాను. ఎంఆర్ఎఫ్ రెవ్జ్, మిషెలిన్ పైలట్ స్ట్రీట్, టీవీఎస్ యూరోగ్రిప్ ప్రోటార్క్, అపోలో ఆల్ఫా, వీటిలో మీ సైజుకి తాజా తేదీతో ఏది దొరికితే అది వేసుకోండి. వీటిలో ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న తేడా కంటే పాత టైరుకీ కొత్త టైరుకీ ఉన్న తేడానే మన రోడ్డు మీద ఎక్కువ తెలుస్తుంది. ఆ బ్రాండా ఈ బ్రాండా అని గంటసేపు వాదించుకునేవాళ్ళు తమ బండిలో గాలి ఎంతుందో చెప్పలేకపోవడం నేను రోజూ చూసేదే.

ధరల గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి బైకు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 3,200 రూపాయలున్న టైరు, కంపెనీ అసలు ధర మార్చకపోతే, 2,950కి రావాలి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకుని పన్ను శాతం చూసుకోండి.

రేడియల్ గురించి అడుగుతున్నారు. సైజు మధ్యలో ఆర్ అనే అక్షరం ఉంటే రేడియల్, 140/60 ఆర్17 అన్నట్టు. లోపలి దారాలు అడ్డంగా నేరుగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకి పోతాయి, బయాస్ టైరులో ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి వస్తాయి. రేడియల్ తక్కువ వేడెక్కుతుంది, వేగం మీద నిలకడగా ఉంటుంది. ఎఫ్‌జెడ్, ఆర్15 లాంటి బళ్ళకి కంపెనీ నుంచే ముందు బయాస్, వెనక రేడియల్ వచ్చాయి. అది వాళ్ళు పరీక్షించి ఇచ్చిన జత, అలాగే ఉంచండి. మనకి మనం తిరగేసి ముందు రేడియల్, వెనక బయాస్ వేయించుకోవద్దు. చివర ఉండే పి, ఎస్, హెచ్ అక్షరాలు వేగం హద్దు చెప్తాయి, వరసగా 150, 180, 210 కిలోమీటర్లు. అవి గ్రిప్ గుర్తులు కావు.

"మంచి టైరేస్తే మలుపులో ఇంకో 10 పెంచొచ్చా?" ఈ ప్రశ్నకి లెక్క చెప్తాను. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అనుకోండి. గంటకి 40 కిలోమీటర్లలో తిరిగితే బండి సుమారు 23 డిగ్రీలు వాలాలి. 50లో అయితే 33. 60లో అయితే 43. వేగం ఒకటిన్నర రెట్లు అయితే టైరు పట్టుకోవాల్సిన బలం రెండుంపావు రెట్లు అవుతుంది. 43 డిగ్రీల దాకా రాకముందే చాలా మామూలు బళ్ళకి ఫుట్‌రెస్టో సెంటర్ స్టాండో నేలకి గీసుకుంటుంది. పైగా ఈ లెక్క శుభ్రమైన రోడ్డు మీద. మన ఘాట్‌లో కొండ మీంచి ఊట నీళ్ళు రోడ్డుకి అడ్డంగా పారతాయి, కాఫీ తోటల దగ్గర తడి ఆకులు పేరుకుంటాయి. సాలూరు నుంచి సుంకి ఎక్కే దారిలో లారీలు ఎక్కువ, మలుపులో డీజిల్ కారిందంటే ఎండలో కూడా కనపడదు. కోతలప్పుడు చోళ్ళూ (రాగులు) గడ్డీ రోడ్డు మీదే పరుస్తారు. వీటి మీద పట్టుకునే రబ్బరు ఏ కంపెనీ దగ్గరా లేదు.

టైరు అంచు అరగలేదని ఫ్రెండ్స్ వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి. అంచు అరిగినట్టు కనపడాలని ఉప్పుకాగితంతో రుద్దిపెట్టమని అడిగినవాడు కూడా ఉన్నాడు. రుద్దలేదు.

గాలి తగ్గిస్తే ఘాట్‌లో గ్రిప్ పెరుగుతుందని వీడియోలు చూసి వస్తున్నారు. అది రేస్ ట్రాక్ మాట. అక్కడ టైరు బాగా వేడెక్కి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, అందుకని తక్కువతో మొదలుపెడతారు. మనం చలికాలం పొద్దున్నే ఎక్కుతాం, ఒకచోట టీకి ఆగుతాం, ఇంకోచోట ఫొటోలకి ఆగుతాం. టైరు అంత వేడెక్కదు. తక్కువ గాలితో హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో బండి నలిగినట్టు ఊగుతుంది, గుంతలో పడితే రిమ్ సొట్టపోతుంది. బండి మీద స్టిక్కర్లో ఎంతుంటే అంతే పెట్టండి. వెనక మనిషి ఎక్కితే దానికి వేరే అంకె రాసుంటుంది, అది చూడండి. బయల్దేరే ముందు టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. దారిలో కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసెయ్యకండి.

పంచర్లు. పక్కగోడలో మేకు దిగితే ఇక అతకం, ఎంత బతిమాలినా. మధ్యలో పడితే, ఘాట్‌కి వెళ్ళే బండి అయితే, టైరు ఊడదీసి లోపలినుంచి మష్రూమ్ ప్లగ్, అంటే పుట్టగొడుగు ఆకారంలో ఉండే రబ్బరు బిరడా, వేస్తాం. బయటినుంచి పీచు గుచ్చడం కంటే టైమూ డబ్బూ ఎక్కువ అవుతాయి.

కొత్త టైరు వేయించుకున్న రోజే వాల్చకండి. పైపొర నున్నగా ఉంటుంది, 150 కిలోమీటర్ల వరకూ నెమ్మదిగా, కొంచెం కొంచెంగా వాలుస్తూ పోవాలి.

స్టాకు సంగతి. 17, 18 అంగుళాల మామూలు సైజులు కొట్లో ఉంటాయి. 150/60 ఆర్17, ఇంకా 19, 21 అంగుళాల ముందు టైర్లు విశాఖ నుంచి తెప్పించాలి, మూడు నాలుగు రోజులు పడుతుంది, సగం డబ్బు ముందు కట్టాలి. ఎక్కువ తెచ్చి పెట్టుకోవట్లేదు, నిల్వ ఉన్న టైరు మీకు అంటగట్టాల్సి రాకూడదని. "ఏటి బాబూ, ఆన్‌లైన్లో తక్కువుంది కదా" అంటే, ఉంటుంది, కొనుక్కోండి. తెస్తే బిగిస్తాం, లేబర్ ఛార్జీ అందరికీ ఒకటే. సైజు తేడా ఉన్నా, తేదీ మరీ పాతదైనా వెనక్కి పంపెయ్యమంటాను. శనివారం రాత్రి వచ్చి ఆదివారం తెల్లవారి అరకు అంటే కుదరదు. బుధ, గురువారాల్లో రండి. రెండు టైర్ల పక్కగోడలూ, రిమ్ మీద అంకెలూ ఫొటో తీసి వాట్సాప్ చేస్తే ఏం మార్చాలో, ఏం అక్కర్లేదో మీరు బయల్దేరే ముందే చెప్పేస్తాను.