లేన్ తాళ్లు తీసి నాలుగు డబ్బాలు వేయండి

సంపాదకులకు,

నదులూ సముద్రమూ ఈదేవాళ్ల వార్తలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. గోలి శ్యామల 2021లో శ్రీలంకకూ మనకూ మధ్యనున్న పాక్ జలసంధి ఈదారు, తర్వాత విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు ఈదారు. విజయవాడలో కృష్ణను అడ్డంగా ఈదే పోటీలకు పిల్లల నుంచి పెద్దల దాకా వస్తున్నారు. వీటిని చూసి సరదాపడి సాధన మొదలుపెట్టేవాళ్లకు దగ్గరలో ఉన్నది స్విమ్మింగ్ పూలే. అక్కడికి చేతులకు ప్యాడిల్స్, కాళ్లకు ఫిన్స్, వెనక్కి లాగేలా నడుముకు కట్టే ప్యారాచూట్, బారల లయ చెబుతూ టోపీ కింద టిక్కుటిక్కుమనే యంత్రం అన్నీ కొనుక్కుని వస్తారు. ఏటి మీద తిన్నగా ఎలా పోవాలో నేర్పే వస్తువు మాత్రం ఆ సంచిలో ఉండదు. అలాంటి వస్తువులు చాలావరకు పూల్ నిర్వాహకులే సమకూర్చగలరు, ఖర్చు కూడా పెద్దగా కాదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు పూల్ ఏం దాస్తుందో చూడండి. 25 మీటర్ల పూల్‌లో 1500 మీటర్లు ఈదితే గోడను 60 సార్లు తన్నాలి. తన్నిన ప్రతిసారీ నాలుగు మీటర్లు ఊరికే జారిపోయినా 240 మీటర్లు ఈదకుండానే లెక్కలో పడ్డట్టు. అడుగున నల్ల గీత దారి చూపిస్తుంది, పక్కనున్న లేన్ తాళ్లు అలలను చంపేస్తాయి. ఏట్లో ఈ మూడూ ఉండవు. గమ్యానికి అయిదు డిగ్రీలు పక్కకు పోతూ కిలోమీటరున్నర ఈదినవాడు తేలేది అనుకున్న చోటికి 130 మీటర్ల అవతల.

అందుకే మొదటి పని లేన్ తాళ్లు తీయడం. ఆరు లేన్ల పూల్‌లో మధ్య మూడు తీస్తే చాలు. ముందు బిగింపు మర ఒదులు చేసి, తాడు సడలాకే కొక్కెం తీయాలి. బిగువు మీద ఉండగా లాగితే కొక్కెం ఎగిరి మొహానికి తగులుతుంది. తీసిన తాడును గట్టు మీద ఈడిస్తే దానికున్న ప్లాస్టిక్ బిళ్లలు పగులుతాయి కాబట్టి చుట్ట చుట్టి పెట్టండి.

రెండో పని, నీటి మీద తేలే గుర్తులు, అంటే బోయ్‌లు. గాలి నింపేవి బజారులో దొరుకుతాయి గానీ 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు నాలుగుంటే అదే పని జరుగుతుంది. ఒక్కో దాంట్లో రెండు మూడు లీటర్ల నీళ్లు పోసి మూత గట్టిగా బిగించాలి, ఖాళీదైతే మరీ తేలికై దొర్లుతూ ఉంటుంది. ఆ క్యాన్లు నీలం రంగువి, పూల్ టైల్సూ నీలమే, నీళ్లూ నీలంగానే కనపడతాయి. ఆ నీలంలో నీలాన్ని వెతకడం ఈదేవాడి తరం కాదు. నారింజ రంగు గుడ్డ చుట్టి కట్టాలి. దాన్ని ముందే రెండు మూడుసార్లు ఉతకండి, లేకపోతే రంగు పూల్‌లోకి దిగుతుంది.

అందరూ తప్పు చేసేది క్యాన్‌ను అడుగుకు పట్టి ఉంచే లంగరు దగ్గర. అయిదు లీటర్ల క్యాన్‌లో తడి ఇసుక కూరితే గట్టు మీద పది కిలోలు తూగుతుంది. నీళ్లలో ముంచితే అదే సుమారు అయిదు కిలోలే, ఎందుకంటే అది తోసేసిన అయిదు లీటర్ల నీళ్లు అయిదు కిలోల బరువును మోస్తాయి. తాడు పొట్టిదై తేలే క్యాన్ సగం మునిగిందంటే దాని పైకి లాగే బలం ఆరు కిలోలు దాటుతుంది, ఇసుక డబ్బా అడుగు నుంచి లేచిపోతుంది. అందుకని లోతుకంటే జానెడు ఎక్కువ తాడు వదలండి. మూరెడు ఎక్కువైతే మళ్లీ క్యాన్ కొట్టుకుపోతుంది, కాళ్లకు తాడు చుట్టుకుంటుంది. మామూలు ప్లాస్టిక్ తాడు నీళ్లలో తేలుతుంది, కాళ్లకు తగిలేది అదే. నైలాన్ తాడు మునుగుతుంది కనుక అది మేలు. క్యాన్‌కు రెండు ఇసుక డబ్బాలు, వాటికి గోనెపట్టా చుట్టు వేస్తే అడుగు టైల్స్ గీసుకుపోవు.

నాలుగు క్యాన్లను పూల్ రెండు చివరల గోడలకు అయిదేసి మీటర్ల దూరంలో, 15 మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు వచ్చేలా అమరిస్తే ఒక చుట్టు 46 మీటర్లు, 22 చుట్లకు కిలోమీటరు దాటుతుంది. గోడ ముట్టుకోకూడదు, అడుగున కాలు మోపకూడదు. అయిదు చుట్లకోసారి దిశ మార్చాలి. పదిమంది ఒకే వైపు తిరుగుతుంటే పూల్‌లో నీళ్లు కూడా వాళ్లతోపాటు తిరగడం మొదలెడతాయి, గడియారం అబద్ధం చెబుతుంది. పైగా ఎడమ భుజం వైపు మాత్రమే తిరగడం అలవాటైతే కుడి మలుపున్న పోటీలో తికమక పడతారు. మలుపు దగ్గర ఎక్కువమంది డబ్బాకు మరీ దగ్గరగా వచ్చి చెయ్యి తగిలించుకుంటారు. రెండు మీటర్ల ముందే బారలు చిన్నవి చేసి, కాళ్లు గట్టిగా ఆడించి, బయటి వైపు చేత్తో మూడు నాలుగు బారలు వేస్తే ఒళ్లు తిరుగుతుంది.

దూరాన గుర్తు చూడ్డం అన్నిటికంటే కష్టమైన విద్య. ఇందుకు పరికరం ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఎర్ర తువ్వాలు. కుర్చీని పూల్ చివర గట్టు మీద పెట్టి, రెండు పొడవులకోసారి చెప్పకుండా జరపాలి. ఈదేవాళ్లు ఆరు నుంచి ఎనిమిది బారలకోసారి కళ్లెత్తి వెతకాలి. ఎత్తాల్సింది కళ్లే, గడ్డం కాదు. మొసలి చూపు అంటాం దీన్ని. తలంతా లేపితే నడుమూ కాళ్లూ కిందికి దిగి బండి ఆగిపోతుంది. ముందుకు చూస్తూనే ఊపిరి తీసుకునే ప్రయత్నం ఇంకో తప్పు. చూపు ముందుకు, ఆ వెంటనే మొహం పక్కకు, ఊపిరి అక్కడ. విశాఖలో సముద్రం తూర్పున ఉంది. ఉదయం పోటీలో ఒడ్డు నుంచి లోపలికి పోతుంటే బోయ్ సూర్యుడి కిందే ఉంటుంది. వీలైతే ఒక ఉదయం తూర్పు చివర కుర్చీ వేసి ఆరున్నరకు సాధన చేయించండి, నల్లద్దాల గాగుల్స్ ఎవరికి కావాలో అప్పుడు తెలుస్తుంది.

తిన్నగా పోతున్నారో లేదో తేల్చుకోవడానికి పూల్ మధ్యలో కళ్లు మూసుకుని పది బారలు వేయించాలి. కుడికి పోతే కుడికే, ఎడమకు పోతే ఎడమకే, ఎక్కువమంది ప్రతిసారీ ఒకే వైపు పోతారు. ఒకే వైపు ఊపిరి తీసుకోవడమో, చెయ్యి నుదుటి గీత దాటి అవతలికి పడటమో సాధారణంగా కారణం. పాత గాగుల్స్‌కు కింది సగం నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తే అడుగు గీత కనపడదు, ముందుకు చూడక తప్పదు. తడిగా ఉన్నప్పుడు టేపు అంటదు, పొడిగా తుడిచి అంటించండి. ఇలా చూపు తగ్గించి ఈదేవాళ్లకు గట్టు మీద ఒకరు తోడు నడవాలి.

అలలు కావాలంటే పిల్లల్ని వాడుకోండి. నలుగురు లోతు తక్కువున్న చోట గట్టు పక్కన నీళ్లలో నిలబడి కిక్‌బోర్డులను, అంటే ఈత నేర్చుకునే పలకలను, నిలువుగా పట్టి నీళ్లను ముందుకూ వెనక్కూ తోస్తే, తాళ్లు లేని పూల్‌లో రెండు నిమిషాల్లో అల లేస్తుంది. అల వచ్చే వైపు నోరు తెరిస్తే నీళ్లు మింగుతారు. రెండు వైపులా ఊపిరి తీసుకోవడం ఎందుకు నేర్చుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. టిక్కుటిక్కు యంత్రం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అలల్లో పొడవాటి జారుడు బార మధ్యలోనే ఆగిపోతుంది. నిమిషానికి 54 బారలు వేసేవాళ్లు యంత్రాన్ని సెకనుకు ఒక బారకు, అంటే నిమిషానికి 60కి పెట్టుకుని, బార పొట్టిగా వేసి చూడాలి.

నడుముకు కట్టుకునే తేలే సంచి, టో ఫ్లోట్, వెనకటికి బావిలో ఈత నేర్పేటప్పుడు కట్టిన సొరబుర్రకు చుట్టమే. కానీ ఇది ప్రాణం కాపాడే జాకెట్టు కాదు, దూరంగా ఉన్న పడవవాడికి మీరు కనపడటానికి, అలిసినప్పుడు కాసేపు పట్టుకోవడానికి. తాడు పొట్టిదైతే కాళ్లకు తగులుతుంది, అందుకు గాలి తక్కువ నింపేవాళ్లున్నారు, అది ఇంకా తప్పు. తాడు పొడవు సరిచేసి, పూల్‌లోనే చూడకుండా బెల్టు విప్పడం, సంచిని గుండెల కిందికి తెచ్చుకుని ఒరగడం పదేసి సార్లు చేయించాలి. ఏటి మధ్యలో మొదటిసారి బకిల్ వెతుక్కోకూడదు.

రబ్బరు ట్యూబు కట్టుకుని ఉన్నచోటే ఈదడం చిన్న పూల్స్‌లో మంచిదే. ట్యూబును దూకుడు దిమ్మ కాలికే కట్టండి, నిచ్చెనకు కాదు. క్లోరిన్‌కూ ఎండకూ రబ్బరు పగుళ్లిస్తుంది, చిన్న గాటు కనపడినా పారేయాలి. ప్యారాచూట్ బలానికి పనికొస్తుందేమో గానీ దారి నేర్పదు. ఇక వెట్‌సూట్, అంటే చల్లని నీళ్లలో వేసుకునే రబ్బరు తొడుగు. మన నీళ్లకు అది దండగ. బహిరంగ జలాల పోటీలకు అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ పెట్టిన నీటి వేడి పై హద్దు 31 డిగ్రీలు, వేసవిలో మన పూల్స్ దాన్ని దాటుతాయి. 2010లో యూఏఈలోని ఫుజైరాలో బాగా వేడెక్కిన నీళ్లలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిప్పెన్ ప్రాణం పోయింది. ఎండాకాలం పూల్‌లో రబ్బరు తొడుగు వేసుకుని గంటసేపు ఈదించే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రవాహాన్ని పూల్ నేర్పలేదు. సెకనుకు మీటరు ఈదేవాణ్ణి సెకనుకు 30 సెంటీమీటర్లు పారే నీరు, కిలోమీటరు దాటేసరికి 300 మీటర్లు దిగువకు మోసుకుపోతుంది. అది పడవ తోడుతో ఏట్లోనే నేర్చుకోవాలి. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాల సంగతీ అంతే, పూల్‌లో కిలోమీటర్లు ఈదిన ధైర్యంతో ఒంటరిగా దిగవద్దు.

పూల్ నిర్వాహకులను మేం అడిగేది వారానికి ఒక గంట, ఆదివారం సాయంత్రం మామూలు బ్యాచ్‌లు అయ్యాక. పన్నెండు మందికి మించకుండా, లైఫ్‌గార్డుతో పాటు గట్టు మీద మరొకరు ఉండేలా. ఏట్లోకి దిగేముందు ఒళ్లు ఒరుసుకోకుండా పూసుకునే వేజిలిన్ పూల్‌లో వద్దు, ఫిల్టరు జిడ్డు పడుతుంది. గంట అయ్యాక డబ్బాలు తీసి, తాళ్లు మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి. క్లోరిన్ నీళ్లలో వదిలేస్తే నైలాన్ బలం తగ్గుతుంది, తెగినట్టు పైకి కనపడదు, లంగరు దగ్గర ముడిలో తెగుతుంది.

ఇట్లు,
కొందరు ఈత శిక్షకులు,
విశాఖపట్నం