మీ జవాబులు మీ దగ్గరే పడి ఉన్నాయి

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

విషయం: మా ఇంటిపేరుతో ఉన్న డాట్ కామ్ డొమైన్, దానికి రావలసిన మెయిళ్లు, మీరు నాలుగుసార్లు మూసేసిన టికెట్.

అయ్యా,

మీ పేరు తెలిస్తే పేరుతోనే రాసేవాడిని. ఫోన్‌లో అడిగితే "పైవాళ్ల పేర్లు చెప్పకూడదు సర్" అన్నారు. పోనీలెండి.

2013లో మీ దగ్గర డొమైన్ కొన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రెన్యువల్ ఆలస్యం చేయలేదు. చిక్కడపల్లిలో ట్యాక్స్ కన్సల్టెంట్‌ని, గడువంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా మాట మీద మా బావమరిది, ఇద్దరు క్లయింట్లు కూడా మీ దగ్గరే చేరారు. ఈ ముగ్గురినీ కాస్త గుర్తుంచుకోండి.

మొన్న మే నెలలో మెయిల్ ఒక్కటీ వేరే కంపెనీకి మార్చుకున్నాను. డొమైన్‌ను మాత్రం అభిమానం కొద్దీ మీ దగ్గరే ఉంచాను. ఎంఎక్స్ రికార్డులు (డొమైన్ మెయిళ్లు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి) మార్చడం, పాత మెయిళ్లు కాపీ చేయడం అంతా అమీర్‌పేటలో కోర్సు చేసిన మా పక్కింటి కుర్రాడు ఒక ఆదివారం పొద్దున రెండు కప్పుల టీతో ముగించాడు. బ్యాంకు మెయిళ్లు వచ్చాయి, అమెరికాలో ఉన్న మా అమ్మాయి మెయిళ్లు వచ్చాయి. రానివల్లా మీ దగ్గర నేను చేర్పించిన ఆ ముగ్గురివే.

"బావా, జీఎస్టీ బిల్లులు పంపి పది రోజులైంది, చూడలేదా?" అని బావమరిది ఫోన్ చేసేసరికి రిటర్న్ వేయాల్సిన 20వ తేదీ దాటింది. రోజుకు 50 చొప్పున మూడు రోజుల ఆలస్య రుసుము 150 రూపాయలు నా జేబులోంచి కట్టాను. డబ్బుదేముంది, బావమరిది ముందు పోయిన పరువు ఎవరు కడతారు?

ఇక మీవాళ్ల సంగతి. మొదట మాట్లాడిన అమ్మాయి బ్రౌజర్ కాష్ క్లియర్ చేయమంది. చేశాను. రెండో ఆయన 48 గంటలు ఆగమన్నాడు. ఆగాను. మూడో ఆయన ఇంకో 48 గంటలన్నాడు. రికార్డులో టీటీఎల్ (పాత వివరాన్ని మిగతా సర్వర్లు గుర్తుంచుకునే గడువు) 3600 సెకన్లని ఉంది, అంటే గంట, రికార్డు మార్చి అప్పటికే మూడు వారాలైంది కదా నాయనా అంటే, "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది సర్" అన్నాడు. చాట్‌లో వచ్చినవారు నా బాధను అర్థం చేసుకోగలమని ఆరుసార్లు టైప్ చేసి, కొత్త కంపెనీనే అడగమన్నారు. అడిగాను. వాళ్లు 20 నిమిషాల్లో తప్పెక్కడుందో రాసి పంపారు: మీ సర్వర్ నా డొమైన్ మెయిల్‌ను ఇంకా తన సొంతమే అనుకుంటోంది. అందుకే మీ కస్టమర్లు నాకు పంపినవి బయటికి రాకుండా మీలో మీరే పాత పెట్టెలో వేసుకుంటున్నారు. ప్లాన్ గడువు తీరిందని ఆ పెట్టెకు నా లాగిన్ మూసేశారు గానీ, అందులో మెయిళ్లు పడటం మాత్రం ఆపలేదు.

ఈ జవాబును అలాగే మీకు పంపాను. టికెట్ మూసేశారు. మళ్లీ తెరిచాను, మళ్లీ మూసేశారు. నాలుగోసారి ఫోన్ చేస్తే ఒకాయన తాపీగా అన్నాడు: "సర్, మేం మూడు మెయిళ్లు పంపాం. మీరే జవాబివ్వలేదు."

ఎక్కడికి పంపారు? ఆ డొమైన్‌కే! మీ సర్వర్ నుంచే! అంటే మీ జవాబులూ ఆ పాత పెట్టెలోనే ఉన్నాయి. మెయిళ్లు అందడం లేదని మొత్తుకుంటున్నవాడికి మెయిల్ పంపి, జవాబు రాలేదని టికెట్ మూసేసే ఉపాయం ఎవరికి తట్టిందో గానీ, ఆయనకు దండం.

జీమెయిల్‌కు పంపండన్నాను. రిజిస్టరైన అడ్రస్‌కే పంపాలట. అయితే అడ్రస్ మార్చండన్నాను. మారుస్తారట, ఓటీపీ చెప్పాలట. అది ఎక్కడికి వస్తుందో మీకు వేరే చెప్పాలా?

చివరికి చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, మాధాపూర్‌లో దిగి మీ ఆఫీసుకే వచ్చాను. రిసెప్షన్ దాటనివ్వలేదు. అపాయింట్‌మెంట్ మెయిల్ చూపించాలట. సెక్యూరిటీ ఆయన పాపం కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో మీ కంపెనీ తరఫున నాకు అందిన సేవ అదొక్కటే.

ఆన్‌లైన్ వ్యాపారాలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మీకు 48 గంటలంటే మహా ఇష్టం కదా, ఇదీ పాటించండి. సర్వర్‌లో ఆ సెట్టింగ్ మార్చడం, పాత పెట్టెలో ఉన్న నా మెయిళ్లు నాకివ్వడం, ఇవి అరగంట పని. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. డొమైన్ కూడా తీసుకుపోతాను. డొమైన్ వేరే కంపెనీకి మార్చుకోవడానికి కావలసిన ఆథ్ కోడ్‌ను అడిగిన 5 రోజుల్లో ఇవ్వాలని, డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐక్యాన్ నిబంధన ఉంది, అప్పుడు కాష్ క్లియర్ చేయమనకండి. నేను వెళ్తే ఒక్కణ్నే వెళ్లను. బావమరిది ఇప్పటికే అడుగుతున్నాడు.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. జవాబు కూడా కాగితం మీదే పంపండి. మెయిల్ చేస్తే మళ్లీ మీకే చేరుతుంది.

ఇట్లు,
మీ 2013 నాటి కస్టమర్,
చిక్కడపల్లి, హైదరాబాద్