రాత్రి రెండున్నరకి పెట్టిన బ్యాకప్

చి. అమ్మలుకి, అమ్మ ఆశీస్సులు.

చికాగో సర్వర్ల బ్యాకప్ నీకప్పగించారని విని చాలా సంతోషించాను. చెప్పిన వేళకి పనులు తనంతట తానే నడిపే క్రాన్‌లో రాత్రి రెండున్నరకి పెట్టానన్నావు. ఆ వేళ మార్చు తల్లీ.

అక్కడ మార్చి రెండో ఆదివారం రెండు కొట్టగానే గడియారం మూడుకి దూకుతుంది. ఆ రాత్రి రెండున్నర అనేదే ఉండదు. కొన్ని క్రాన్‌లు ఆ పనిని మూడు దాటగానే నడుపుతాయి, కొన్ని వదిలేస్తాయి. నవంబరు మొదటి ఆదివారం ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది, కాబట్టి ఆ గంటకీ జరపకు. మనకి ఇక్కడ ఏడాదంతా ఒకటే టైము కాబట్టి ఈ సంగతి తట్టదు. సర్వర్ గడియారం ఏడాదంతా మారని ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో ఉంటే ఈ బెడద లేదు. అది నీ చేతిలో లేకపోతే పనిని నాలుగింటికి జరుపు.

క్రాన్ 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు నీకు తెలిసినవే. తేదీ, వారం రెండూ నింపితే మాత్రం ఏ ఒక్కటి కలిసినా పని నడుస్తుంది. 13, శుక్రవారం అని రాస్తే ప్రతి 13నా, ప్రతి శుక్రవారమూ నడుస్తుంది. టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో ఆగిపోతే ముందు పాత్, అంటే కమాండ్లని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే సెట్టింగు, చూడు. నీ లాగిన్ సెట్టింగులు క్రాన్ చదవదు, కమాండు ఉన్న ఫోల్డరుతో సహా పూర్తి పేరు రాయాలి. క్రాన్ వరుసలో శాతం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ మరవకు.

నాకు అన్నిటికంటే బెంగ ఒక్కటే. క్రాన్ పంపే మెయిళ్లు ఎక్కువయ్యాయని అవుట్‌పుట్ అంతా, వేసిందల్లా మాయమయ్యే డెవ్ నల్‌కి తోసేస్తుంటారు. నువ్వలా చెయ్యకు. డిస్కు నిండి బ్యాకప్ ఆగిపోయినా, ఎవరో ఫైలు పోయిందని వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మెయిల్ ఎవరికి వెళ్లాలో చెప్పే మెయిల్‌టూలో టీమ్ అడ్రసు పెట్టు. సర్వరే పడిపోతే ఆ మెయిలూ రాదు కదా, అందుకని బ్యాకప్ సక్రమంగా ముగిశాకే ఒక చిన్న ఫైలు రాసేలా చెయ్యి. దాని వయసు వేరే మెషీన్ నుంచి చూడాలి. రోజు దాటితే అలర్టు రావాలి. ఒకటి ముగియకముందే ఇంకొకటి మొదలవకుండా తాళంలా పనిచేసే ఎఫ్‌లాక్ కమాండు వాడు.

ఈ పనుల జాబితా ఉండే క్రాన్‌టాబ్ ముట్టుకునేముందు దాని కాపీ దాచుకో. ఎడిట్‌కి వాడే ఇ అక్షరం పక్కనే కీబోర్డు మీద ఆర్ ఉంటుంది, అది మామూలుగా అడక్కుండానే మొత్తం తీసేస్తుంది. నెలకోసారైనా ఏదో ఒక ఫైలు బ్యాకప్‌లోంచి వెనక్కి తీసి, తెరిచి చూడు.

నాన్న నిన్ను అడిగానని రాయమన్నారు.

మీ అమ్మ